పశుగ్రాసపు మొక్క ఎక్కడ పెరుగుతుంది? ఎప్పుడు ముదురుతుంది?

(ఆళ్ళగడ్డలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



సహకార శాఖ ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడంటే పద్దు పుస్తకాలు, వాటాధనం, సర్వసభ్య సమావేశపు తీర్మానాలు తప్ప మరో మాట రాదని మీకు తెలుసు. ఈ రోజు వాటిని పక్కన పెడుతున్నాను. నేను చదివింది డిప్లొమా వరకే. వృక్షశాస్త్రంలో పండితుణ్ణి కాను. అయినా మొక్క ఎలా పెరుగుతుందన్న విషయం మీద మాట్లాడతానని నేనే అడిగి ఈ అవకాశం తీసుకున్నాను. కారణం పద్దు పుస్తకాల్లోనే వున్నది.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల సంఘాల్లో పాల బిల్లులు తనిఖీ చేసేటప్పుడు ఒక విచిత్రం తరచు కనబడుతుంది. ఒకే వీధిలో ఇద్దరు సభ్యులు వుంటారు. ఇద్దరివీ గ్రేడెడ్ ముర్రా బర్రెలే. ఇద్దరూ పోసే పాలు కూడా ఇంచుమించు సమానమే. కాని ఒకరి బిల్లులో దాణా కింద కోసుకొనే మొత్తం రెండవవారి కంటే చాలా ఎక్కువగా వుంటుంది. విచారిస్తే ఇద్దరికీ నేపియర్ గడ్డి మడులున్నాయి. కారణెలు ఒకచోట తెచ్చుకున్నవే. తేడా అల్లా కోసే రోజులో వున్నది. ఒకాయన నలభై అయిదు రోజులకు కోస్తాడు. రెండవ ఆయన గడ్డి మనిషెత్తు దాటి, ఇంకా పైకి లేచి, దంటు చెరకుగడ అంత అయిన తరువాత కోస్తాడు. ఆ ముదురు గడ్డిలో లేని బలాన్ని దాణా బస్తాలతో కొంటాడు. ఇంతకూ ఆ బలం ఎక్కడికి పోయిందో తెలియాలంటే మొక్క లోపలికి తొంగి చూడాలి.

ముందుగా ఒక ప్రశ్న వేస్తాను. మీ ఇంటి ముందు వేపచెట్టుకు, మీ తండ్రిగారి కాలంలో, పలుపు తగిలించటానికి ఛాతీ ఎత్తున ఒక మేకు కొట్టారనుకోండి. ఆ చెట్టు ఇప్పుడు రెండింతల ఎత్తు అయింది. మేకు ఎంత ఎత్తున వుంటుంది? (సభలో కొందరు "పైకి పోయి వుంటుంది" అన్నారు. వెనుక కూర్చున్న ఒక పెద్దాయన "అక్కడే వుంటుంది" అన్నారు.) పెద్దాయన చెప్పిందే నిజం. మేకు ఛాతీ ఎత్తునే వుంటుంది. కాకపోతే మాను లావెక్కటం వల్ల సగం లోపలికి మునిగి వుంటుంది.

దూడ పెరిగితే కాళ్ళు, వెన్ను, మెడ అన్నీ కలిసి పెరుగుతాయి. మొక్క అలా కాదు. దానికి పెరిగే చోట్లు కొన్నే వుంటాయి. కొమ్మ చివర ఒకటి, వేరు చివర ఒకటి. వేప, కంది, అవిశ వంటివాటిలో బెరడు కింద పలుచని పొర ఒకటి. అక్కడ మాత్రమే కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై చీలుతూ వుంటాయి. కణమంటే ప్రాణికి ఇటుక వంటిది. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన బెండు ముక్కను భూతద్దాల కింద పెట్టి మొదట ఈ గదులను చూసి పేరు పెట్టాడు. ఒకే పని చేసే కణాల గుంపును కణజాలం అంటారు. చీలుతూ కొత్త కణాలను పుట్టించే గుంపు విభాజ్య కణజాలం. పాఠ్యపుస్తకపు మాట బరువుగా వున్నా మీకు దాని ఇంటి పేరు తెలుసు. జొన్న మొక్కలో మీరు మొవ్వు అంటారే, దాని అడుగున వుండేది అదే.

మొవ్వు ఈగ పిల్లపురుగు దాన్ని తొలిచిందంటే మధ్య ఆకు ఎండిపోతుంది, లాగితే చేతికి వచ్చేస్తుంది. పైకి పెరిగే చోటు పోయింది గనుక ఆ మొక్క ఎత్తుకు ఎదగదు. కాని నాలుగు రోజుల్లో పక్కల నుంచి పిలకలు లేస్తాయి. అంతవరకు కొస మొగ్గ ఒక రసాన్ని కిందికి పంపుతూ పక్క మొగ్గలను నిద్రపుచ్చి వుంచింది. కొస పోగానే అవి మేలుకుంటాయి. మన పత్తి రైతులు తలలు తుంచేది ఈ సూత్రం మీదనే.

ఇక గడ్డిజాతి సంగతి. జొన్న, వరి, సజ్జ, నేపియర్, పారాగడ్డి అన్నీ ఈ జాతివే. వీటికి దేవుడు, లేదా ప్రకృతి అనండి, మరో సదుపాయం ఇచ్చింది. చిన్నప్పుడు గట్టు మీద గడ్డిపరక పై భాగం పట్టుకొని లాగి, ఊడివచ్చిన తెల్లని మెత్తని మొదలును నమిలినవారు మీలో చాలామంది వుంటారు. అంత లేతగా, తియ్యగా అక్కడే ఎందుకుంది? కణుపుకు సరిగ్గా పైన మరో పెరిగే చోటు వుండటం వల్ల. ఆకు మొదట్లోనూ అటువంటిదే వున్నది. అందుకే గొడ్డు ఆకు కొస కొరికి పోయినా, ఆకు కింది నుంచి పైకి తోసుకొని వస్తుంది. కొస మేసిన కంది మొక్కకు ఆ వసతి లేదు, పక్క మొగ్గే దిక్కు. గాలివానకు ఒరిగిన లేత జొన్న రెండు మూడు రోజుల్లో కణుపు దగ్గర వంగి మళ్ళీ తల ఎత్తటం మీరు చూసే వుంటారు. కణుపుకు కింది వైపున వున్న కణాలు ఎక్కువ సాగి మొక్కను లేపుతాయి. ముదిరిన దంటు పడిపోతే లేవదు. ఎందుకు లేవదో చెప్పటానికే ఇంత దూరం వచ్చాను.

ఒక జొన్న దంటును విరిచి చూడండి. పైన గట్టి తొక్క. లోపల తెల్లని బెండు. పిల్లలు ఈ బెండుతో, తొక్క పుల్లలతో బండ్లు చేసి ఆడుకొనేవారు, ఇప్పుడు ఆ ఆట కనబడటం లేదు. బెండు మధ్య నుంచి దారాల్లాంటి పీచులు వేలాడుతాయి. ఆ దారాలే మొక్కకు నీళ్ళ పైపులు. ఒక్కొక్క దారంలో రెండు రకాల గొట్టాలున్నాయి. వేరు తెచ్చిన నీటిని, ఉప్పులను పైకి తీసుకుపోయేది దారువు. ఆకు వండిన చక్కెరను వేరుకు, మొవ్వుకు, కంకికి అందించేది పోషక కణజాలం. నీటి గొట్టాలు పని మొదలుపెట్టేసరికి వాటి కణాలు చచ్చిపోయి వుంటాయి, గోడలు మాత్రం నిలబడి వుంటాయి.

లేతగా వున్నప్పుడు కణం గోడ దాదాపు సెల్యులోజ్, దాని సంబంధీకులే. మనిషి దాన్ని అరిగించుకోలేడు. మన బర్రె పెద్ద పొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులున్నాయి. అవి సెల్యులోజ్‌ను పులియబెట్టి బర్రెకు ఆహారంగా మారుస్తాయి. పాలలో వెన్న తయారవటానికి కావలసిన సరుకు చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. అందుకే బొత్తిగా లేత గడ్డి ఒక్కటే వేసినా వెన్న శాతం తగ్గవచ్చు. కొంత ఎండుమేత కలపమని పశువైద్యులు చెప్పేది ఇందుకే. వెన్న తగ్గిందని టెస్టరుతో తగాదాకు వెళ్ళేముందు గాడిలో ఏమి వేశామో ఒకసారి చూసుకోవటం మంచిది.

మొక్క ఎత్తు పెరిగిన కొద్దీ గాలికి నిలబడాలి, కంకి బరువు మోయాలి. అప్పుడు గోడల్లో లిగ్నిన్ అనే పదార్థాన్ని నింపుకుంటుంది. ఇనుప చువ్వల మధ్య సిమెంటు పోసినట్లనుకోండి. తొక్క దగ్గర, దారాల చుట్టూ ఇది ఎక్కువ. ఈ సిమెంటును పొట్టలోని సూక్ష్మజీవులు కరిగించలేవు. పైగా దాని చాటున వున్న మంచి సెల్యులోజ్‌ను కూడా అందనివ్వదు. ముదురు దంటు లేవలేకపోవటానికీ, ముదురు గడ్డి పాలుగా మారకపోవటానికీ కారణం ఒకటే. నల్లమల బోదగడ్డితో కప్పిన కొట్టం ఏళ్ళ తరబడి వానకు కుళ్ళకుండా వుంటుంది. కప్పు మీద కుళ్ళని గడ్డి కడుపులో మాత్రం ఎలా కరుగుతుంది?

"సార్, ఆగితే బరువు ఎక్కువ వస్తుంది గదా" అని ప్రతి ఊళ్ళో అడుగుతారు. వస్తుంది. కాదనటం లేదు. కాని పెరిగిన ఆ బరువు ఎక్కడిదో చూడండి. ఆకు పాలు తగ్గి, దంటు పాలు పెరుగుతుంది. కింది ఆకులు పండి రాలిపోతాయి. మాంసకృత్తులు ముఖ్యంగా ఆకులో వుంటాయి. ముదురు దంటును బర్రె ముక్కుతో తోసేసి ఆకు ఏరుకు తింటుంది, మిగిలింది పేడకుప్పకు పోతుంది. ఛాఫ్ కట్టరుతో ముక్కలు చేస్తే పారేసేది తగ్గుతుంది, అది మంచి పనే. ముక్క చేసినంత మాత్రాన సిమెంటు మెత్తబడదు.

జొన్న, సజ్జ, మొక్కజొన్న వంటి గింజ పైర్లలో ఇంకొక సంగతి వున్నది. పూత తరువాత ఆకులో, దంటులో వున్న చక్కెర, మాంసకృత్తులు పోషక కణజాలం గుండా కంకికి ప్రయాణం కడతాయి. గింజ నిండేకొద్దీ చొప్ప ఖాళీ అవుతుంది. గింజ మనకు కావాలి గనుక గింజకు వేసిన జొన్నలో అది తప్పదు. మేతకే వేసిన జొన్నను మాత్రం చేనులో సగం మొక్కలు పూతకు వచ్చిన రోజుల్లో కోయాలి. అప్పటికి బరువూ వుంటుంది, సారమూ వుంటుంది.

నేపియర్‌కు మొదటి కోత నాటిన 60-75 రోజులకు, ఆ తరువాత 40-45 రోజులకొకటి. కో-4 కానివ్వండి, ఏపీబీఎన్-1 కానివ్వండి, ఇప్పుడు అందరూ సూపర్ నేపియర్ అంటున్నదీ కానివ్వండి, పేరు మారినా కణం గోడ ధర్మం మారదు. సూపర్ నేపియర్ త్వరగా ఎత్తు పోతుంది, కాబట్టి ఆలస్యానికి శిక్ష కూడా త్వరగానే పడుతుంది. మడి అంతా ఒకేసారి కోతకు వస్తే నలభై రోజులు ఎలా సర్దుకోవాలి అంటారేమో. నాటేటప్పుడే మడిని వరుసలుగా పంచుకొని, రోజుకు ఇన్ని వరుసలని కోసుకుంటూ పోతే, చివరి వరుస అయ్యేసరికి మొదటి వరుస మళ్ళీ సిద్ధంగా వుంటుంది. కోత తేదీని గోడ మీద సుద్దతో వ్రాసుకొనే ఒక అమ్మను ఆళ్ళగడ్డ దగ్గర ఒక సంఘంలో చూశాను. మా శాఖ రిజిస్టర్లలో అనేకం కంటే ఆ గోడ పద్దు శుభ్రంగా వున్నది.

అలాగని తొందరపడి పదిహేను రోజులకొకసారి కోయటమూ తప్పే. కోసిన తరువాత ఆకు లేదు, వంట లేదు. కొత్త పిలక లేవటానికి కావలసిన ఆహారం మోడులో, వేరులో దాచుకున్న నిల్వ నుంచే వస్తుంది. నిల్వ తిరిగి నిండకముందే మళ్ళీ మళ్ళీ కోస్తే దుబ్బులు సన్నబడి చచ్చిపోతాయి. లూసర్న్ మడులు రెండో ఏడు పలుచబడేది చాలాచోట్ల ఇందువల్లనే. దానికి తొలి కోత రెండు నెలలకు, ఆపైన 25-30 రోజుల ఎడం చాలు. కొడవలి ఎంత కిందికి పెడుతున్నామన్నది కూడా ముఖ్యం. నేపియర్‌లో నేల నుంచి నాలుగు నుంచి ఆరు అంగుళాల మోడు వుంచాలి. పిలక మొగ్గలు ఆ కింది కణుపుల్లో వున్నాయి. మరీ పైకి కోస్తే దుబ్బు నిండా ఎండు మోళ్ళు మిగిలి, పిలకలు బలహీనంగా వస్తాయి. అవిశ, సుబాబుల్ వంటివి చెట్టుజాతి గనుక బెరడు కింది పొర వాటి కొమ్మను కట్టెగా మారుస్తుంది. వాటిలో లేత రెమ్మ, ఆకు మాత్రమే మేత, లావు కొమ్మ పొయ్యిలోకే.

ఇక ఎండుమేత. ఒకప్పుడు ఈ నల్లరేగడి నేలల్లో జొన్న లేని చేను వుండేది కాదు. నంద్యాలలో 1906లో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎన్.టి.జె.-2 రకానికి పేరే నంద్యాల తెల్ల జొన్న. రబీ జొన్నంటే గింజ ఒక పంట, చొప్ప ఇంకొక పంట. శనగ వచ్చిన తరువాత జొన్న విస్తీర్ణం తగ్గింది, చొప్ప వాములూ తగ్గాయి. కె.సి. కాలువ కింద వరిగడ్డి వున్నది. కోత మిషన్లు వచ్చాక అదీ పొలంలో చెదిరిపోతున్నది, కొందరు కట్టలు కట్టిస్తున్నారు, కొందరు అగ్గి పెడుతున్నారు. పాల సంఘం సభ్యుడు గడ్డికి అగ్గి పెట్టటం నా మనసుకు సరిపడదు.

వరిగడ్డి స్వభావం చొప్ప కంటే భిన్నం. వరి నేల నుంచి ఇసుక జాతి పదార్థమైన సిలికాను ఎక్కువగా పీల్చి ఆకు పై పొరలో పేర్చుకుంటుంది. మడిలో ఆకు చేయి కోసేది ఇందుకే. సిలికా, లిగ్నిన్ రెండూ కలిసి గడ్డిని అరగనివ్వవు. మాంసకృత్తులు బహు స్వల్పం. దీనికి తెలిసిన ఉపాయం యూరియా మాగుడు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50-60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టాతో మూడు వారాలు కప్పాలి. లోపల పుట్టే అమ్మోనియా లిగ్నిన్ పట్టును సడలిస్తుంది, నత్రజనిని కూడా చేరుస్తుంది. మేపేముందు గంటసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయరాదు. యూరియా నీళ్ళ బకెట్టు గొడ్డుకు అందేచోట వుంచితే ప్రాణాపాయం, ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి వుంచండి.

ఆఖరున ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి. జొన్న కోసిన తరువాత ఎండాకాలపు వానకు మోళ్ళ నుంచి లేచే పచ్చని పిలకను మన పెద్దలు నాము అన్నారు. అది మేసిన గొడ్డు నిలుచున్నచోటే పడిపోతుందని మీకు తెలుసు. లోపల జరిగేది ఏమిటో వినండి. లేత జొన్న ఆకులో పై చర్మపు కణాల్లో ధూరిన్ అనే పదార్థం దాగి వుంటుంది. దాన్ని విడగొట్టే రసం ఆకు లోపలి పచ్చని కణాల్లో వుంటుంది. రెండూ వేరు వేరు గదుల్లో వున్నంతవరకు మొక్కకు ప్రమాదం లేదు. గొడ్డు నమిలినప్పుడు గోడలు చితికి రెండూ కలుస్తాయి. హైడ్రోజన్ సైనైడు పుడుతుంది. పురుగునుంచి, మేసే జంతువునుంచి లేత మొక్క తనను కాపాడుకొనే ఏర్పాటు ఇది. వయసు పెరిగేకొద్దీ విషం తగ్గుతుంది. వాన ఎగదన్ని మొక్క వాడినప్పుడు, కోసిన మోడు నుంచి కొత్తగా లేచినప్పుడు ఎక్కువ.

అందుచేత పూతకు రాని జొన్నను, ముఖ్యంగా వాడిన లేత పైరును, పచ్చిగా మేపకండి. శనగ వేసిన రైతు పక్కనే కొద్దిగా జొన్న వేసుకొని, కోత తరువాత చేను వదిలేస్తే, ఊరి గొడ్లన్నీ అటే పోతాయి. కోత అయిన వెంటనే మోళ్ళు దున్నేయటం, వీలుకాకపోతే కంప వేయటం ఆ రైతు బాధ్యత. అక్కరకు అటువంటి పిలకనే వాడుకోవలసి వస్తే కోసి బాగా ఎండబెట్టి, ఇతర మేతతో కలిపి వేయాలి. ఎండేటప్పుడు విషం చాలావరకు గాలిలో కలిసిపోతుంది.

మేసిన కొద్ది సేపటికే రొప్పు, నోట నురగ, తూలటం కనిపిస్తే నాటు మందులతో కాలయాపన చేయవద్దు. వెంటనే పశువైద్యుణ్ణి పిలిచి "జొన్న పిలక మేసింది" అని ఫోనులోనే చెప్పండి. ఆయన సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు వెంట తెచ్చుకుంటారు, రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇది నిమిషాల లెక్క. మందలో మిగిలిన గొడ్లను ఆ చేను నుంచి తక్షణం బయటకు తోలాలి. డాక్టరు గారి ఫోను నంబరు పాల సేకరణ కేంద్రం తలుపు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించమని కార్యదర్శులందరినీ కోరుతున్నాను. వచ్చే తనిఖీకి వచ్చినప్పుడు పద్దు పుస్తకం కంటే ముందు ఆ తలుపు చూస్తాను.